పొడి రాలని ఛెనాపోడ

మా చర్చి సహవాసంలో ఎవరింటికి వెళ్ళినా, వందనాలు చెప్పీ చెప్పకముందే నేను అడిగే మాట ఒకటుండేది. "ఇందులో గుడ్డుందా?"

అడగడానికి సిగ్గుగానే ఉండేది. మాది గుంటూరు జిల్లా. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. పెరట్లో కోళ్ళుండేవి. పొద్దున్నే గంప ఎత్తి వెచ్చటి గుడ్లు ఏరుకొచ్చే పని నాది. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి, ఆరాధన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో పొడుగాటి బల్ల మీద పెట్టిన గిన్నెల మూతలెత్తి గుడ్డు గురించి ఆరా తీస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. "ఏంటి సిస్టర్, అమెరికా వచ్చి బ్రాహ్మలైపోయారా?" అని ఒకాయన అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు.

అడిగేది పిల్లాడి కోసం. వాడికి ఇంకా ఏడాది నిండకముందు ఉడికిన గుడ్డులో తెల్లసొన చిటికెడు తీసి నోట్లో పెట్టాను. స్పూను కింద పెట్టేలోగా పెదాలు ఉబ్బాయి. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. వాడి కళ్ళు సన్నటి గీతల్లా అయిపోయాయి. డాక్టర్ మందిచ్చి తగ్గించి, "గుడ్డు వీడి దగ్గరికి రానివ్వకండి, వచ్చేసారి ఇంతకంటే గట్టిగా రావచ్చు" అన్నాడు. ఆ 'వచ్చేసారి' నాతోపాటు ఇంటికొచ్చేసింది. కిరాణా షాపులో, పుట్టినరోజు పార్టీల్లో, పార్కులో పక్కావిడ ఇచ్చే కుకీలో, ఎక్కడ చూసినా అదే.

ఇది ఎనభైల మొదట్లో. అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్. మా ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. నేను హోమ్ సైన్స్‌లో డిగ్రీ చేసి, ఆ డిగ్రీతో ఇంట్లో కూర్చుని పాకెట్ల మీద చిన్నచిన్న అక్షరాలు చదువుతుండేదాన్ని. నూడుల్స్‌లో గుడ్డు. మెయొనీజ్‌లో గుడ్డు. కొన్ని బ్రెడ్లకి పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారని తెలిశాక బేకరీ వైపు వెళ్ళడమే మానేశాను.

అలర్జీ అంటే అప్పట్లో మనవాళ్ళకి తుమ్ములు, పూల పుప్పొడి. గుడ్డు పడకపోవడం అంటే నమ్మేవాళ్ళు కాదు. "వేడి చేసుంటుందండీ, కాస్త మజ్జిగ పట్టండి" అనేవాళ్ళు. నా ప్రశ్న వాళ్ళకి ఇంకోలా వినపడేది. శాకాహారులైన స్నేహితులు వచ్చినప్పుడు "మీరు తినొచ్చులెండి" అని చెప్పే అలవాటు అందరికీ ఉంది కదా. కేక్‌లో వేసిన గుడ్డు కంటికి కనపడదు కాబట్టి గుడ్డు కిందికి రాదు. ఆ లెక్కలోనే నాకూ జవాబిచ్చేవాళ్ళు. ఒకసారి ఒకావిడ "అస్సలు లేదండీ" అని చెప్పిన కేక్ పిండి డబ్బా వాళ్ళ చెత్తబుట్టలో చూశాను. మూడు గుడ్లు కొట్టి కలపమని బొమ్మతో సహా దాని మీదుంది. అప్పట్నుంచి ఉందా లేదా అని అడగడం తగ్గించి, ఏమేం వేశారో వరసగా చెప్పమని అడగడం మొదలుపెట్టాను. జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ కళ్ళు చూసేదాన్ని.

"సీఐడీ మొదలెట్టావా?" అనేవాడు మా ఆయన, కార్ ఎక్కగానే.

అలాంటి రోజుల్లో బరంపురం ఆంటీ వచ్చింది. ఒరిస్సాలో తెలుగువాళ్ళ మధ్యే పుట్టి పెరిగింది. మిషన్ హాస్పిటల్‌లో నర్సుగా పనిచేసి రిటైరైంది. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. మా అపార్ట్‌మెంట్లకి రెండు బిల్డింగుల అవతల ఉండేవాళ్ళు. కొడుకు ఆఫీసుకి వెళ్ళిపోతే పగలంతా ఒక్కతే. చర్చిలో పిల్లలందరూ ఆవిణ్ణి అమ్మమ్మా అనేవాళ్ళు, పెద్దవాళ్ళం ఆంటీ అనేవాళ్ళం. ఎప్పుడూ తెల్లచీర, ఎడమచేతికి మగవాళ్ళ వాచీ, అదీ ముంజేయి లోపలివైపుకి తిప్పి. నాడి చూసే అలవాటు పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరి మణికట్టో పట్టుకునేది.

ఆవిడ వచ్చిన తర్వాత మొదటి ఆదివారం బల్ల మీద ఒక స్టీలు పళ్ళెం కనపడింది. అందులో గుండ్రంగా, పైనంతా నల్లగా మాడిన ఏదో కేక్ లాంటిది. యాలకుల వాసన, మాడిన పంచదార వాసన. పిల్లాడు నా చెయ్యి విడిపించుకుని దాని ముందు నిలబడ్డాడు.

"ఇందులో గుడ్డుందాండీ?"

"గుడ్డేటమ్మా, ఇది ఛెనాపోడ!" అంది ఆంటీ. "పాలు విరగ్గొట్టి నీళ్ళు వంపేసి, ఆ విరుగుడులో పంచదార, రవ్వ, యాలకులు, కాస్త నెయ్యి. అంతే. ఛెనా అంటే ఆ విరుగుడు, పోడ అంటే కాల్చింది. మా వైపు ఆకుల్లో చుట్టి రాత్రంతా నిప్పుల మీద వదిలేస్తారు. ఇక్కడ ఆకులెక్కడివి, నిప్పులెక్కడివి."

నేను అడక్కుండానే వరసగా అన్నీ చెప్పింది. అయినా నేను నమ్మలేదు. బేకింగ్ అన్నాక గుడ్డు లేకుండా ఎలా నిలుస్తుంది? "మీరు చేసేటప్పుడు ఒకసారి వచ్చి చూడొచ్చా?" అన్నాను. ఆవిడ సంబరపడింది. నేర్చుకోవడానికి అడిగాననుకుంది.

వెళ్ళాను. పక్కనే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చూశాను. గాలన్ పాలు మరగబెట్టి నిమ్మరసం పిండింది. పాలు విరిగి పచ్చటి నీళ్ళు తేలాయి. మా ఇంట్లో పాలు విరిగితే ఆ రోజంతా అమ్మ మొహం మాడ్చుకునేది. కావాలని విరగ్గొడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. పాత చీర ముక్కలో మూటకట్టి సింక్ కుళాయికి వేలాడదీసింది. నీరంతా దిగాక పళ్ళెంలో వేసి అరచేతి మొదలుతో రుద్దింది. గిన్నె అడుగున పంచదార పరిచి పొయ్యి మీద మాడ్చింది. అవెన్ మీది అంకెలు ఆవిడకి లెక్కలేదు. "నలుపు రావాలి, అంతే" అంది. నలుపు వచ్చే లోపల పొగ వచ్చి సీలింగ్ మీద అలారం కుయ్యిమంది. ఆవిడ కొంగుతో, నేను టవల్‌తో దాని కింద నిలబడి విసిరాం. కిందింటి అమెరికన్ అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. ఆంటీ తలుపు తీసి, "నో ఫైర్. ఓన్లీ స్వీట్" అంది.

గుడ్డు లేదు. కళ్ళారా చూశాను. ఆ రోజు పిల్లాడికి ఒక ముక్క పెట్టాను. కొయ్యగానే అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. వాడు ఆ పొడి కూడా వేలికి అద్దుకుని నాకేశాడు. రెండేళ్ళు దాటినా పాలు చూస్తే మొహం తిప్పుకునే పిల్లాడు. ఆ పుట్టినరోజుకి మిగతా పిల్లలందరికీ షాపు కేక్, మా వాడికి ఛెనాపోడ. దాని మీదే కొవ్వొత్తులు పెట్టాం. వాడు ఊదాడు. వాడూ అందరు పిల్లల్లా కేక్ కోసిన రోజు అదే.

ఆంటీ ప్రతి నెలా మా వాడి కోసం ప్రత్యేకంగా చిన్న గిన్నెలో ఒకటి చేసి పంపేది. నేను నిశ్చింతగా ఉన్నాను అనను. అప్పటికి ఆ మాటే మర్చిపోయాను. కానీ ఆ గిన్నె మూత తీసి, ఏమేం వేశారని అడగకుండానే వాడికి పెట్టేదాన్ని.

తర్వాత, ఎప్పటి నుంచో చెప్పలేను, ఛెనాపోడ మారింది.

మొదట పొడి రాలడం తగ్గింది. తర్వాత కత్తి పెడితే ముక్క గోడలా నున్నగా వచ్చింది. పళ్ళెంలో నిటారుగా నిలబడింది. వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచింది. కోసిన చోట చిన్నచిన్న కన్నాలు. విరిగిన పాలు వాటంతటవి అలా పొంగవని హోమ్ సైన్స్ చదివిన ఎవరికైనా తెలుసు. పట్టి ఉంచేది ఏదో ఉండాలి.

ఆ ముక్క చేత్తో పట్టుకుని మా ఆయనకి చూపించాను. "ఇది చూడండి, విరగట్లేదు."

"విరగకపోతే మంచిదేగా?"

"మీరు ల్యాబ్‌లో పనిచేస్తారు కదా. దీన్ని టెస్ట్ చేయించలేరా?"

ఆయన నా మొహం వంక చూసి, "ఆవిడ మన అమ్మ వయసు మనిషి. కొంచెం నిద్రపో నువ్వు" అన్నాడు.

వాడికి ఏమీ కాలేదు, నిజమే. దద్దుర్లు లేవు, వాపు లేదు. కానీ ఏమీ కాలేదన్నది జవాబు కాదు. నేనే చేసి చూశాను. గాలన్ పాలు విరగ్గొట్టాను. ఒకసారి నీరు బాగా పిండి, ఒకసారి పిండకుండా, రవ్వ ఎక్కువ వేసి, తక్కువ వేసి. ఎన్నిసార్లు చేసినా రాలిపోయింది. "నీకు చేతకాలేదు, అంతే. దానికి ఆవిణ్ణి అంటే ఎలా?" అన్నాడు మా ఆయన, రాలిన పొడి స్పూనుతో తింటూ.

ఆదివారం ఆంటీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆంటీ, ఈ మధ్య ఛెనాపోడ చాలా బాగా కుదురుతోంది. ఏమన్నా మార్చారా?"

"చెయ్యి తిరిగింది. ఇక్కడి పాలు అలవాటయ్యాయి."

"గుడ్డేమైనా వేస్తున్నారా?"

ఆవిడ నా వంక తిరిగింది. "నీ పిల్లాడికి నేను హాని చేస్తానా?"

ఆ రాత్రి ఆ మాటనే తిరగేసుకుంటూ పడుకున్నాను. మొదటిసారి అడిగినప్పుడు 'గుడ్డేటమ్మా' అని, ఏమేం వేసిందో వరసపెట్టి చెప్పింది. ఈసారి నేనొకటి అడిగితే ఇంకోదానికి జవాబు చెప్పింది. లేదు అనలేదు.

మరుసటి వారం ముందుగా చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ సింక్ దగ్గరుంది. కుళాయికి మూట వేలాడుతోంది. "చేస్తున్నారా? నేనూ కలుపుతాను ఆంటీ" అని చేతులు కడుక్కోబోయాను. ఆవిడ నన్ను భుజం పట్టుకుని హాల్లోకి నడిపించి సోఫాలో కూర్చోబెట్టింది. "నా వంట మీద కాపలా ఏటి? వార్డులో డ్యూటీ చేస్తున్నావా?" నవ్వుతూనే అంది. వంటింటికి తలుపు లేదు. అయినా నేను సోఫాలోంచి లేవలేకపోయాను.

పోనీ, సాక్ష్యం లేదు. సాక్ష్యం దొరికేదాకా పిల్లాణ్ణి పణం పెట్టే తల్లిని కాను. ఆంటీ పంపిన గిన్నె ముట్టుకోనివ్వడం ఆపేశాను. నేను చేసిందే, రాలిపోయేదే, చిన్న డబ్బాలో పెట్టి చర్చికి తీసుకెళ్ళేదాన్ని. వాడికి చెప్పాను. "ఎవరేం పెట్టినా, ఎగ్ ఉందా అని అడుగు. అమ్మ ఊఁ అంటేనే తిను."

ఆ విషయం ఆంటీకి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. బేస్‌మెంట్‌లో అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉండగా నా దగ్గరికి వచ్చింది.

"నా చేతి తిండి వద్దన్నావంట?"

"పిల్లాడికి మాత్రమే ఆంటీ. నేను తింటాను కదా."

"నా చిన్నప్పుడు మా అమ్మ చేతి నీళ్ళు ముట్టని ఇళ్ళు చూశాను. దోసిట్లో పైనుంచి పోసేవాళ్ళు మాకు. అది వదిలించుకోడానికి ఎంత దూరం నడిచామో నీకు తెలీదా? మీ తాతలు నడవలేదా? నువ్వు కూడా నా గిన్నె పక్కకి తోస్తావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు మావైపు తిరిగారు. నేను అడిగింది గుడ్డు గురించి. ఆవిడ విన్నది వేరు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆవిడ విన్నదే విన్నారు. నాకూ అదే వినపడింది ఒక్క క్షణం. మా నాయనమ్మ కూడా దోసిట్లోనే నీళ్ళు తాగిన మనిషి. చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేశాను. అయినా లోపల ఒక మూల లెక్క నడుస్తూనే ఉంది. ఇప్పుడు కూడా లేదు అనలేదు.

ఆ తర్వాత నెలే అది జరిగింది. ఆ ఆదివారం గిన్నెలు కడిగే వంతు నాది. పిల్లాణ్ణి మా ఆయనకి అప్పజెప్పి సింక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎవరితోనో గ్రీన్ కార్డు కబుర్లలో పడ్డాడు. పిల్లాడు సండే స్కూల్ గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఆంటీ ఉంది. ఒళ్ళో గిన్నె ఉంది. 'ఎగ్ ఉందా' అని వాడు అడిగాడట. 'తిను నాన్నా, అమ్మమ్మ పెడుతోంది కదా' అందట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినపడింది దగ్గు. వాడి దగ్గు నేను ఎంతమంది మధ్య ఉన్నా గుర్తుపడతాను. సబ్బు చేతులతోనే పరిగెత్తాను.

పెదాలు అప్పటికే లావెక్కాయి. మెడ మీద దద్దుర్లు ఒకదాంతో ఒకటి కలిసిపోతున్నాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టుంది. నేను అరిచానని చెప్పారు. నాకు గుర్తులేదు. వాణ్ణి ఎవరో పడుకోబెట్టబోతుంటే, "పడుకోబెట్టకండి! నిటారుగా పట్టుకోండి. కార్ తియ్యి, హాస్పిటల్‌కి, అంబులెన్స్‌కి ఫోన్ చేసి ఆగే టైం లేదు" అని గట్టిగా చెప్పింది మాత్రం ఆంటీ. వాణ్ణి లాక్కుని భుజానికి ఆనించుకుని కార్ వెనక సీట్లో కూర్చుంది. నేను పక్కన. దారంతా వేళ్ళు వాడి మణికట్టు మీద, కళ్ళు వాచీ మీద. నేను వాడి పేరు పిలుస్తూనే ఉన్నాను.

ఎమర్జెన్సీలో ఇంజక్షన్ ఇచ్చారు. కుర్ర డాక్టర్ వాడి గుండెల మీద స్టెతస్కోప్ పెట్టి, తల ఎత్తకుండానే ఏం తిన్నాడని అడిగాడు.

"మిల్క్ స్వీట్. ఎగ్ అలర్జీ ఉంది, కానీ ఎగ్ లేదు దాంట్లో," అన్నాడు మా ఆయన.

"ఎగ్ ఉంది," అంది ఆంటీ వెనకనుంచి.

తిరిగి చూశాను. గోడకి ఆనుకుని ఉన్న మనిషి ముందుకొచ్చింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, డాక్టర్ ఎదుట వార్డు రౌండ్‌లో నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది. ఇంగ్లీషులో చెప్పింది. ఎన్నో నెలలుగా కొద్దికొద్దిగా గుడ్డు కలుపుతున్నాను. మొదట్లో చెంచాడు, తర్వాత ఒకటి. ఈమధ్య తల్లి ఆపింది. ఇవాళ రెండు వేశాను. చర్చికి టైమవుతోందని త్వరగా తీసేశాను, మధ్యలో సరిగ్గా కాలలేదు. నర్సు డాక్టర్‌కి చెప్పే తీరులో, ఏదీ దాచకుండా, ఏదీ కలపకుండా చెప్పి ఆగింది.

నేను అడిగితే చెప్పలేదు. డాక్టర్ అడిగితే చెప్పింది.

"మళ్ళీ ఎప్పుడూ ఇలా చెయ్యకండి" అన్నాడతను. పిల్లాడి ఊపిరిలో ఈల కాసేపటికి తగ్గింది. నాకు వాడి తడి జుట్టు, ఆ గది చల్లదనం గుర్తున్నాయి.

కారిడార్‌లో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "ఎందుకు?" అన్నాను.

"టీకా వేసినట్టు వేశానమ్మా," అంది. "మశూచికి అదే మశూచి కొంచెం వేస్తే కదా ఆగింది. కొన్ని వేలమంది పిల్లలకి ఈ చేత్తో గీశాను. మా హాస్పిటల్‌లో బక్క పిల్లలకి గుడ్డుతోనే ప్రాణం పోశాం. నీ కొడుకు జీవితమంతా మూతలెత్తి చూసుకుంటూ బతకాలా? అలవాటు చేద్దామనుకున్నా. అలవాటైంది కూడా. చూశావు కదా, ఇన్నాళ్ళూ ఏమైనా అయిందా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పెట్టనిస్తావా?"

ఆవిడ చెప్పిన దాంట్లో ఏదో నిజం ఉండొచ్చేమో. అది నాకు తేల్చుకోవాలని లేదు. నా వెనకాల, నా పిల్లాడి నోట్లో, నెలల తరబడి. నేను ఊఁ అంటేనే తినమని నేర్పిన పిల్లాడికి, నేను పక్కగదిలో ఉండగా.

చర్చి రెండు ముక్కలైందని చెప్పను, కానీ నావైపు ముక్క చిన్నదే. "పెద్దావిడ ప్రేమతో చేసింది సిస్టర్" అన్నారు. "హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది కూడా ఆవిడే కదా" అన్నారు. అంతకుముందు నాకు లేదని చెప్పిన వాళ్ళందరి వంటలూ మళ్ళీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. కొన్నాళ్ళు వెళ్ళడం మానేశాను. ఆదివారాలు మా ఆయన ఒక్కడే వెళ్ళొచ్చేవాడు. నేను పిల్లాడితో బొమ్మల పుస్తకం ముందు కూర్చునేదాన్ని.

ఒకరోజు సంఘపెద్ద ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచుకునే రోజు అని, అది తీసుకునే ముందు మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే కలిసిపోయి సమాధానపడాలని తెలుసు కదా అని. మాకది చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మా ఊళ్ళో బల్ల ముందు రోజు అమ్మలక్కలు గోడల మీదుగా, "ఏమే, మాట్లాడవా?" అంటూ పలకరించుకునేవాళ్ళు. కానీ ఈయన గొంతులో నాకు వేరేది వినపడింది. సహవాసంలో ఈ గొడవ త్వరగా సద్దుమణిగితే చాలన్న తొందర. "ఆవిడతో చెప్పండి" అన్నాను.

"ఆవిడ బల్ల ముట్టుకోవడం మానేసింది సిస్టర్. హాస్పిటల్ రోజు నుంచీ. రొట్టె పళ్ళెం వస్తే పక్కవాళ్ళకి అందిస్తోంది."

అది నమ్మడానికి కూడా నేను వెళ్ళి చూడాల్సి వచ్చింది. వెనక వరసలో కూర్చుని ఉంది. పళ్ళెం వచ్చింది. రెండు చేతులతో తీసుకుంది, పక్కావిడకి ఇచ్చేసింది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నా దాకా వచ్చినప్పుడు నేనూ అదే చేశాను.

బయట మెట్ల దగ్గర ఆవిడే ఆగింది. "మా ఇంటికి రా. నువ్వే చెయ్యి. నేను ముట్టను. కుర్చీలో కూర్చుంటా. ఆ ఒక్క తీపే తింటాడు వాడు. అది కూడా వాడి నోటికి దూరం చేశానని నా బాధ."

నెల పట్టింది నాకు ఒప్పుకోడానికి. పిల్లాడు మధ్యమధ్యలో "బ్లాక్ కేక్ కావాలీ" అని అడుగుతూనే ఉన్నాడు. ఇంట్లో నేను చేసింది ముట్టుకుని, "నాట్ దిస్" అనేవాడు.

వెళ్ళిన రోజు పాలు, పంచదార, రవ్వ, యాలకులు అన్నీ సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. కొత్త గిన్నె కూడా కొన్నాను. వాళ్ళ గిన్నెకి ఏ మూల ఏమంటుకుని ఉందో నాకేం తెలుసు? సంచిలోంచి ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెడుతుంటే ఆవిడ చూస్తూ ఉంది. గిన్నె తీసేసరికి చూపు అక్కడే ఆగింది.

"గిన్నె కూడా తెచ్చుకున్నావా?"

నేను యాలకుల పొట్లం విప్పాను. ఆవిడ ఇంకా ఆ గిన్నెనే చూస్తోంది. దోసిట్లో నీళ్ళు పోసిన ఇళ్ళు ఆవిడ కళ్ళ ముందుకి వచ్చాయని నాకు తెలుసు. అయినా ఆ గిన్నె సంచిలోకి తిరిగి వెళ్ళదు. అదీ ఆవిడకి తెలుసు.

"తెచ్చుకో అమ్మా. మంచిదే. తెచ్చుకో," అని కుర్చీ గోడవైపుకి జరుపుకుని కూర్చుంది. చేతులు చంకల్లో దాచుకుంది, ఆగలేక లేస్తాయేమోనన్నట్టు.

నేను పాలు విరగ్గొట్టాను. మూటకట్టి వేలాడదీశాను. "నీరు ఇంకా ఉంది" అంది ఆవిడ కుర్చీలోంచి. పిండాను. "అరచేత్తో, అరచేత్తో. వేళ్ళతో కాదు." అరచేత్తో రుద్దాను. అడుగున పంచదార మాడ్చి, అవెన్‌లో పెట్టాను. ఇద్దరం అవెన్ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాం. పిల్లాడు కార్పెట్ మీద కార్ల వరస పేర్చుకుంటున్నాడు.

అలారం కుయ్యిమంది. ఆవిడ అలవాటుగా కొంగు దులిపి లేచింది, మళ్ళీ నా వంక చూసి, "ఇది ముట్టొచ్చా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఇద్దరం దాని కింద నిలబడి విసిరాం.

కొయ్యగానే రాలిపోయింది. అంచు అంతా పొడి. ఒక్క ముక్క కూడా నిలబడలేదు. స్పూనుతో ఎత్తి చిన్న పళ్ళెంలో పెట్టి పిల్లాణ్ణి పిలిచాను.

వాడు వచ్చాడు. పళ్ళెం చూశాడు. ఆంటీ వైపు తిరిగాడు.

"అమ్మమ్మా, డజ్ ఇట్ హావ్ ఎగ్?"

"లేదు నాన్నా. లేదు." ఈసారి రెండుసార్లు అంది ఆ మాట.

వాడు నావైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చూసావా?"

"నేనే చేశాను కన్నా. ఎగ్ లేదు."

"ప్రామిస్?"

"ప్రామిస్."

అయినా వాడు స్పూను ఎత్తలేదు. నా మొహం వంక చూస్తూనే ఉన్నాడు, అచ్చం నేను భోజనాల బల్ల దగ్గర అందరి మొహాలూ చూసినట్టు. వాడికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

ఆంటీ చిన్నగా, ఎవరికీ కాకుండా, "నీ కొడుకే" అంది.

వాడు చూపుడువేలితో కాస్త పొడి అద్దుకుని కింది పెదవికి రాసుకున్నాడు. మింగలేదు. అలా రాసుకుని, పెదవి ఉబ్బుతుందేమో చూసేదాకా ఆగమని నేనే నేర్పాను. ఆంటీ వాడి పక్కన నేల మీద చతికిలపడి, మెల్లగా వాడి మణికట్టు పట్టుకుని వాచీ తనవైపు తిప్పుకుంది. నేను రెండో వైపు కూర్చున్నాను. అలారం మళ్ళీ మోగడం మొదలైంది. ఎవరం లేవలేదు. ఇద్దరం వాడి పెదాలనే చూస్తున్నాం.